అన్నం వడ్డించే చేతిలో ప్రేమను చూపిన శరత్‌బాబు

తెలుగునాట ఒక తరం పాఠకులు శరత్‌బాబును బెంగాలీ రచయితగా చూడలేదు. మనవాడనే అనుకున్నారు. దేవదాసు, పార్వతి, లలిత, రాజ్యలక్ష్మి అన్న పేర్లు చుట్టాల పేర్లలా ఇంటింటా వినిపించాయి. ఊరి గ్రంథాలయాల్లో ఆయన నవలలు అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారాయి. ఈ అభిమానం వెనుక మన తెనాలి హస్తం కూడా ఉంది. ఆ సంగతి చివర చెప్పుకుందాం.

2026 సెప్టెంబరు 15 నాటికి శరత్‌చంద్ర చటోపాధ్యాయ జన్మించి 150 సంవత్సరాలు. ఈ సందర్భంలో ఆయన జీవితాన్ని ఒక ప్రశ్న దగ్గర పెట్టుకుని తిరగేయడం బాగుంటుంది. ప్రేమ సన్నివేశాన్ని పాఠకుడు నమ్మేటట్లు రాయడం ఆయనకు ఎలా అబ్బింది? ప్రేమకథ రాయబోయేవారిలో చాలామంది తడబడేది అక్కడే. వెన్నెల, పూలతోట, పొడుగాటి సంభాషణలు, కన్నీళ్లు అన్నీ సమకూర్చినా ఆ ఇద్దరి మధ్య ప్రేమ ఉందని చదివేవారికి అనిపించదు. శరత్‌బాబు నవలల్లో ప్రేమించినవారు ఆ మాట పైకి అనడమే అరుదు. అయినా ఎవరికీ అనుమానం రాదు.

అసంపూర్తి కథల ఇల్లు

బెంగాలులోని హుగ్లీ జిల్లా దేవానందపూర్ గ్రామంలో 1876 సెప్టెంబరు 15న శరత్‌బాబు జన్మించారు. తండ్రి మోతీలాల్‌కు కథలు, నవలలు, నాటకాలు రాసే అలవాటుండేది. అయితే మొదలు పెట్టినది ఏదీ పూర్తి చేసేవారు కారు. ఉద్యోగంలోనూ అంతే, నిలకడ లేదు. ఇంట్లో ఆస్తి లేకపోయినా సగంలో ఆగిపోయిన కథల కాగితాలు మాత్రం దండిగా ఉండేవి. పిల్లవాడు వాటిని చదివి, ఆ తరువాత ఏమై ఉంటుందా అని రాత్రుళ్లు నిద్ర పట్టక ఆలోచించేవాడట. కథ చెప్పడంలో ఆయన తొలి పాఠశాల అదే.

తల్లి భువనమోహిని పుట్టిల్లు బీహారులోని భాగల్పూర్. బాల్యంలో ఎక్కువ భాగం అక్కడ మేనమామల పంచన గడిచింది. 1894లో ఎంట్రన్స్ పరీక్ష నెగ్గారు. మరుసటి సంవత్సరమే తల్లి కన్నుమూసింది. ఎఫ్.ఏ. చదువుతుండగా పరీక్ష రుసుము కట్టడానికి డబ్బు లేక కాలేజీ చదువు ఆగిపోయింది. భాగల్పూర్‌లో ఆయనకు రాజేంద్రనాథ్ అనే సాహసి స్నేహితుడుండేవాడు. అతనితో కలిసి రాత్రివేళ గంగలో పడవలు నడిపేవారు. 'శ్రీకాంత్' నవలలోని ఇంద్రనాథుడికి ఆ స్నేహితుడే మూలం.

ఆ రోజుల్లోనే మిత్రులు కొందరు కలిసి ఒక సాహిత్య బృందం పెట్టుకున్నారు. 'ఛాయ' పేరుతో చేతిరాత పత్రిక నడిపేవారు. ఆ బృందంలో ఒకరైన విభూతిభూషణ్ భట్ట సోదరి నిరుపమాదేవి బాలవితంతువు. ఆమె నలుగురిలోకి రావడానికి వీల్లేదు. తాను రాసినవి అన్నగారి చేతికిచ్చి పంపేది. మిత్రుల అభిప్రాయాలు మళ్లీ ఆయన ద్వారానే ఆమెకు చేరేవి. తరువాతి కాలంలో నిరుపమాదేవి బెంగాలీలో పేరున్న నవలాకారిణి అయ్యారు. పదిమందితో మాట్లాడడానికి కూడా హక్కులేని ఒక చదువుకున్న యువతి తలుపు అవతల ఉండి కథలు రాయడం శరత్‌బాబు దగ్గర నుంచి చూశారు. ఆయన నవలల్లో తలుపు అవతల నిలబడి మాట్లాడే స్త్రీలు అంతమంది ఉండడంలో వింత లేదు.

'దేవదాసు' ఈ కాలంలోనే పుట్టింది. అప్పటికి రచయిత వయసు పాతికకు మించదు. దాన్ని అచ్చు వేయించడానికి ఆయన చాలాకాలం ఒప్పుకోలేదు. కుర్రతనపు రచన అని సిగ్గుపడ్డారు. చివరకు 1917లో గాని ఆ నవల పుస్తకంగా రాలేదు.

రంగూన్ మేస్త్రీల పేటలో

తండ్రి మరణం తరువాత చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో 1903లో శరత్‌బాబు బర్మాకు ఓడ ఎక్కారు. వెళ్లే ముందు 'మందిర్' అనే కథను మేనమామ వరుసైన సురేంద్రనాథ్ పేరుతో కుంతలీన్ కథల పోటీకి పంపారు. దానికే బహుమతి వచ్చింది. పేరు మాత్రం మేనమామది.

రంగూన్‌లో ప్రభుత్వ అకౌంట్స్ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. కాపురం మేస్త్రీలు, కార్మికులు ఉండే పేటలో. అక్కడివారికి అర్జీలు రాసిపెట్టడం, జబ్బు చేస్తే హోమియోపతి మందులివ్వడం, తగవులు తీర్చడం అన్నీ ఆయనే. పెళ్లి తంతు లేకుండా కలిసి బతుకుతున్న జంటలను, మగవాడు వదిలేసిపోయిన ఆడవారిని, తాగుబోతును కనిపెట్టుకుని ఉన్న ఇల్లాండ్రను ఆయన ఇక్కడ చూశారు. పెద్దమనుషులు గడప తొక్కని ఇళ్లలో నీతి, నమ్మకం, త్యాగం ఎలా ఉంటాయో ఆయనకు తెలిసింది అక్కడే.

ఆయన మొదటి వివాహం కూడా ఆ పేటలోనే జరిగింది. ఒక మేస్త్రీ తన కూతురును వయసు మళ్లిన తాగుబోతుకు కట్టబెట్టబోతే ఆ పిల్ల శరత్‌బాబును ఆశ్రయించిందనీ, ఆమెనే ఆయన పెళ్లాడారనీ జీవితచరిత్రకారులు రాశారు. ఆమె పేరు శాంతి. ఒక కొడుకు పుట్టాడు. కొద్దికాలానికే రంగూన్‌లో ప్లేగు వ్యాపించి తల్లీ బిడ్డా ఇద్దరినీ తీసుకుపోయింది. తరువాత మోక్షద అనే ఆమెను చేపట్టి హిరణ్మయి అని పేరు మార్చారు. చదువు రాని ఆమెకు తానే చదవడం నేర్పారు. ఆయన చివరి ఊపిరి దాకా ఆమె తోడుగా ఉంది.

రోగి మంచం పక్కన కూర్చుని తెల్లవార్లూ మేలుకోవడం అంటే ఏమిటో ఊహించి రాసిన మనిషి కాదాయన. శ్రీకాంతుడు జ్వరంతో పడి ఉన్నప్పుడు రాజ్యలక్ష్మి చేసే శుశ్రూష చదివితే ఆ తేడా తెలుస్తుంది. చిన్ననాడు అడవి పళ్లను దండగుచ్చి అతని మెడలో వేసిన పిల్ల, పెద్దయ్యాక పాటకత్తె పియారీబాయిగా ఎదురవుతుంది. ఆ దండ సంగతి అతను మరిచిపోయాడు. ఆమె మరువలేదు. ఇద్దరి మధ్య ప్రేమ ఉందని చెప్పడానికి రచయితకు అంతకంటే ఎక్కువ అవసరం లేకపోయింది.

పేరు లేని రచయిత

1907లో కలకత్తా మాసపత్రిక 'భారతి'లో 'బడదీదీ' ధారావాహికగా వెలువడింది. శరత్‌బాబుకు తెలియకుండా మిత్రులు పంపిన రచన అది. మొదట రచయిత పేరు వేయలేదు. రవీంద్రనాథ్ ఠాగూరే రాసి ఉంటారని చాలామంది అనుకున్నారట. అసలు రచయిత రంగూన్‌లో లెక్కలు రాసుకుంటున్న గుమాస్తా అని తరువాత తెలిసింది.

1912లో ఆయన అద్దె ఇల్లు తగలబడింది. పుస్తకాలు, వేసిన బొమ్మలు, స్త్రీల చరిత్రపై ఎంతోకాలం శ్రమించి తయారుచేసిన పెద్ద రాతప్రతి, 'చరిత్రహీన్' నవల రాతప్రతి అన్నీ బూడిదయ్యాయి. 'చరిత్రహీన్' మళ్లీ మొదటి నుంచి రాశారు.

ఆ నవలకు అసలు పరీక్ష తరువాత ఎదురైంది. ఇందులో నాయిక సావిత్రి కలకత్తాలో కుర్రవాళ్లు కలిసి ఉండే మెస్సులో పనిమనిషి. పుట్టుక గొప్పదే అయినా వితంతువై, మోసపోయి ఆ గతికి వచ్చింది. అక్కడ ఉండే సతీశుడికీ ఆమెకూ మధ్య ప్రేమ పుడుతుంది. తన వల్ల అతను నలుగురిలో తలవంచుకోకూడదని, తన గురించి అతను చెడుగా అనుకున్నా ఊరుకుని దూరమవుతుంది. ఇలాంటి నవల మర్యాదస్తుల ఇళ్లకు పోయే పత్రికలో వేయరాదని 'భారతవర్ష' పత్రికవారు తిప్పి పంపారు. పనిమనిషి నాయిక కావడమేమిటన్నదే వారి అభ్యంతరం. అంతకంటే చిన్న పత్రిక 'జమున' 1913లో దాన్ని ధారావాహికగా అచ్చు వేయడం మొదలుపెట్టింది. 1917లో పుస్తకంగా వచ్చింది. తిట్టినవారూ ఎక్కువే, కొన్నవారూ ఎక్కువే.

ఇద్దరి మధ్య మూడవ మనిషి

శరత్‌బాబు ప్రేమ సన్నివేశాలను వరసగా పెట్టి చూస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. గదిలో ఇద్దరే ఉన్నా మూడవ మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. అది లోకం. పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి నడిచివచ్చిన ఘట్టమే తీసుకోండి. దేవదాసు కంగారంతా ఆమెను దారిలో ఎవరైనా చూశారేమోనని. రేపు ఆమె పరువు ఏమవుతుందోనని. ఆమెకు ఆ భయం లేదు. అతను కాదనడన్న నమ్మకం ఒక్కటే ఆమెకు ఉంది. ఇద్దరూ ప్రేమించుకుంటున్నారు, కాని ఇద్దరి ధైర్యం ఒకటి కాదు. ఆ తేడాలోనే తరువాతి కథంతా ఉంది.

రెండవది, ప్రేమకు ఆయన ఇచ్చే ఆనవాళ్లు చాలా చిన్నవి, రోజూ ఇంట్లో చూసేవి. 1914 నాటి 'పరిణీత'లో లలిత మేనమామ ఇంట పెరుగుతున్న అనాథ. పొరుగింటి శేఖరుడి బట్టలు సర్దేది ఆమె. డబ్బు కావలసివస్తే అతని బీరువాలోంచి అడగకుండా తీసుకునేంత చనువు. అది ప్రేమ అని ఇద్దరికీ తెలియదు, చదివేవారికి తెలుస్తుంది. తరువాత ఒక పెళ్లి ముహూర్తాల రాత్రి, పిల్లల బొమ్మల పెళ్లి సందడిలో, ఆమె ఆటకు ఒక దండ అతని మెడలో వేస్తుంది. అతను తిరిగి ఆమె మెడలో వేస్తాడు. ఆ క్షణం నుంచి ఆమె దృష్టిలో తాను వివాహిత. అతను ధైర్యం చేయక తాత్సారం చేసినా ఆమె మాట మారదు. బీరువా చనువు ముందు లేకపోతే ఆ దండకు అంత బరువు వచ్చేది కాదు.

1918లో వచ్చిన 'దత్త'లో చదువుకున్న జమీందారు బిడ్డ విజయకూ, డాక్టరు నరేనుకూ మధ్య మైక్రోస్కోపు ఉంటుంది. దాన్ని అమ్ముకోవడానికి వచ్చిన అతను అందులో ఎలా చూడాలో శ్రద్ధగా నేర్పుతాడు. ఆమె మనసు అద్దం మీద లేదు. అతనికి ఆ సంగతి పట్టదు. ఇద్దరూ యంత్రం గురించే మాట్లాడుకుంటారు. నవ్వు తెప్పించే సన్నివేశమే, కాని విజయ ఎక్కడ చిక్కుకుందో పాఠకుడికి అక్కడే అర్థమవుతుంది.

అన్నిటిలోకీ గొప్పది 1916 నాటి 'పల్లీసమాజ్'లో ఉంది. రమ వితంతువు. రమేశుడు చిన్ననాటి స్నేహితుడు. సొంత ఊళ్లో రెండు కుటుంబాలకూ పడదు. అలాంటిది తారకేశ్వర్ యాత్రాస్థలంలో ఇద్దరూ అనుకోకుండా ఎదురుపడతారు. అక్కడ వారిని ఎరిగినవారు లేరు. ఆమె అతన్ని భోజనానికి పిలిచి, దగ్గర కూర్చుని వడ్డిస్తుంది. అంతే. ఒక పూట భోజనం. ఊరికి తిరిగి వచ్చాక అదే రమ లోకానికి వెరచి కోర్టులో చెప్పిన సాక్ష్యం వల్ల రమేశుడు జైలుకు పోతాడు. తారకేశ్వర్‌లో విస్తరి ముందు గడిచిన ఆ కాస్త సమయం గుర్తున్న పాఠకుడికి కోర్టు ఘట్టం గుండె పిండుతుంది.

పెళ్లి ఎందుకు చేయలేదు?

వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చింది. మన రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు 1881లో తొలి వితంతు వివాహం జరిపించారు. 'పల్లీసమాజ్' నాటికి చట్టానికి 60 ఏళ్లు. అయినా రమకూ రమేశుడికీ శరత్‌బాబు పెళ్లి చేయలేదు. చివరకు ఆమె తమ్ముణ్ణి అతని చేతుల్లో పెట్టి కాశీకి వెళ్లిపోతుంది. దీనిపై ఆయనకు రెండువైపుల నుంచీ దెబ్బలు తగిలాయి. వితంతువుకు ప్రేమ అంటగట్టాడని సనాతనులు మండిపడ్డారు. అంత దూరం వచ్చి వెనక్కు తగ్గాడని సంస్కర్తలు తప్పుపట్టారు.

తాను సంఘసంస్కర్తను కాననీ, మనుషుల బాధను కళ్లకు కట్టేటట్లు చెప్పడమే తన పని అనీ ఆయన భావన. ఊళ్లో అప్పటికి జరగని పెళ్లిని పుస్తకంలో జరిపిస్తే పాఠకుడు కళ్లు తుడుచుకుని నిద్రపోతాడు. జరగకపోతే ఎందుకు జరగలేదని అడుగుతాడు. ఆ ప్రశ్నను బెంగాలులోని ఇళ్లలోకి పంపడంలో ఆయన విజయం సాధించారు. 1931 నాటి 'శేషప్రశ్న'లో ఆయనే ఇంకో అడుగు ముందుకు వేశారు. అందులో కమల అనే స్త్రీ తాజ్‌మహల్ ఎదుటే చచ్చిపోయినవారిని తలుచుకుంటూ బతుకంతా గడపడాన్ని నిలదీస్తుంది. చివరకు పెళ్లి తంతు లేకుండానే తాను కోరినవాడితో వెళ్లిపోతుంది. రమకు దొరకని గొంతు పదిహేనేళ్ల తరువాత కమలకు దొరికింది.

లోపం చెప్పకపోతే న్యాయం కాదు. శరత్‌బాబు స్త్రీలలో చాలామంది సేవ చేయడంలోనే ప్రేమను చూపుతారు. పురుషులు దాన్ని అందుకోవడానికి అలవాటుపడినవారు, చాలాసార్లు పిరికివారు. వడ్డించే చెయ్యి ఎప్పుడూ ఆమెదే, తినేది ఎప్పుడూ అతనే. ఈనాటి పాఠకురాలు ఇది సహించకపోవచ్చు. అయితే ఆ పిరికితనాన్ని ఆయన ఎక్కడా కప్పిపుచ్చలేదు. దేవదాసు సానుభూతి పొందుతాడేగాని, పార్వతి ముందు పెద్దవాడు కాలేడు.

కీర్తి, నిషేధం

ఆరోగ్యం చెడి 1916లో శరత్‌బాబు రంగూన్ వదిలి హౌరా చేరారు. అప్పటికే ఆయన రచనలతోనే జీవించగల స్థితికి వచ్చారు. 1921 నుంచి హౌరా జిల్లా కాంగ్రెసుకు చాలాకాలం అధ్యక్షులుగా పనిచేశారు. 1926లో వచ్చిన 'పథేర్ దాబీ' విప్లవకారుల కథ. ప్రభుత్వం 1927లో దాన్ని నిషేధించింది. రూపనారాయణ నది ఒడ్డున సామతాబేడ్‌లో ఇల్లు కట్టుకుని కొన్నేళ్లు గడిపారు. కాలేజీ రుసుము కట్టలేక చదువు మానేసిన ఆయనకు 1936లో ఢాకా విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చి గౌరవించింది. 1938 జనవరి 16న కలకత్తాలో కేన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 61.

తెనాలి తోడ్పాటు

ఇక మన సంగతి. తెనాలి ఐతానగరంలో జన్మించిన ఆలూరి వెంకట సుబ్బారావు, అంటే చక్రపాణిగారు, క్షయవ్యాధి చికిత్సకు మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ భాష నేర్చుకున్నారు. బతుకుతామో లేదో తెలియని రోజుల్లో నేర్చిన ఆ భాషే శరత్‌బాబును తెలుగు ఇళ్లకు తీసుకువచ్చింది. చక్రపాణి అనువాదంలో అనువాదపు వాసన రాదు. గుంటూరు జిల్లా ఇళ్లల్లో మాట్లాడుకునే తీరుకు దగ్గరగా పాత్రలు మాట్లాడతాయి. శరత్‌బాబు మనవాడే అన్న భ్రమ కలగడానికి ఇది పెద్ద కారణం. విజయవాడ దేశి కవితా మండలి ఆయన సాహిత్యాన్ని సంపుటాలుగా ప్రచురించింది. సినిమా ఆ పరిచయాన్ని మరింత పెంచింది. 1953లో 'దేవదాసు', 1957లో 'తోడికోడళ్లు', 1961లో 'బాటసారి', 'వాగ్దానం' ఆయన కథల ఆధారంగా వచ్చినవే.

ప్రేమకథ రాయాలనుకునే యువతీయువకులు మన జిల్లాలో ఎప్పుడూ ఉంటారు. వారు శరత్‌బాబు భాషను అనుకరించనక్కరలేదు. ఆ కాలం పోయింది, ఆ కట్టుబాట్లు కొన్ని పోయాయి, కొన్ని రూపు మార్చుకున్నాయి. అయితే ఇద్దరు దగ్గరవుతుంటే వారి మధ్య ఏది అడ్డంగా నిలుస్తున్నదో, దానికి ఎవరు ఎంత మూల్యం చెల్లిస్తున్నారో ముందుగా తెలుసుకోవడం ఆయన నుంచి నేర్చుకోవచ్చు. 'పల్లీసమాజ్'లో తారకేశ్వర్ ఘట్టం కొన్ని పేజీలే. ఒక సాయంత్రం తీరుబడి చేసుకుని అది చదవండి. రమ ఆ పూట ఏం వడ్డించిందో మరిచిపోయినా, రమేశుడు తింటుంటే ఆమె ఎలా కూర్చుందో గుర్తుండిపోతుంది.